లింకన్, రక్తపిశాచులు: ఆ సినిమాలో ఎంత నిజం?

తొమ్మిదో తరగతి చదివే మీ అబ్బాయి, అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ గొడ్డలి పట్టుకుని రక్తపిశాచులను వేటాడే సినిమా చూసి రెండు ప్రశ్నలు వేశాడని రాశారు. లింకన్ వాళ్ళమ్మను నిజంగానే పిశాచి చంపిందా, ఆ గొడ్డలి నిజమేనా అని. ఇలాంటి సినిమాలు పిల్లలకు చూపిస్తే చరిత్ర తప్పుగా ఎక్కుతుందేమో అన్న టెన్షన్ మీకు ఉన్నట్టుంది. నేను డిగ్రీ కాలేజీలో ఇరవై ఆరేళ్ళు చరిత్ర చెప్పాను. అమెరికా చరిత్ర పేపరు దాదాపు ప్రతి ఏడూ నాకే వచ్చేది. లింకన్ మీద దొరికినవన్నీ చదివాను, సినిమాలు కూడా చాలానే చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ముందు అబ్బాయి ప్రశ్నలకు జవాబు. గొడ్డలి నిజం. అమ్మ చిన్నప్పుడే పోవడం నిజం. పిశాచి మాత్రం అబద్ధం. అయితే ఆ అమ్మ ఎలా చనిపోయిందో మీ వాడికి తప్పకుండా చెప్పండి.

లింకన్ 1809 ఫిబ్రవరి 12న కెంటకీలో దుంగలతో కట్టిన చిన్న ఇంట్లో పుట్టాడు. ఏడేళ్ళ వయసులో కుటుంబం ఇండియానా అడవుల్లోకి మారింది. అక్కడ 1818లో ఒక వింత జబ్బు వచ్చింది. ఒళ్ళు వణకడం, వాంతులు, విపరీతమైన నీరసం, కొద్ది రోజుల్లోనే ప్రాణం పోవడం. ముందు బంధువులు పోయారు, ఆ తర్వాత అక్టోబరు 5న తల్లి నాన్సీ పోయింది. అప్పటికి ఆమెకు 34 ఏళ్ళు, పిల్లవాడికి తొమ్మిది. తండ్రి థామస్ వడ్రంగి కాబట్టి శవపేటిక తనే చేశాడు. దానికి కావలసిన చెక్క మేకులను పిల్లవాడు కూర్చుని చెక్కాడని వాళ్ళ ప్రాంతంలో చెప్పుకుంటారు. ఆ జబ్బును అక్కడివాళ్ళు 'పాల జబ్బు' అనేవారు. అడవిలో తెల్లపూలు పూసే ఒక కలుపు మొక్క ఉంటుంది, మేత తక్కువైనప్పుడు ఆవులు దాన్ని తింటాయి, ఆ విషం పాలలోకి దిగుతుంది. ఆవు పాలు తాగడం వల్ల మనిషి చచ్చిపోతాడని ఎవరు మాత్రం అనుకుంటారు? ఆ మొక్కే కారణమని శాస్త్రవేత్తలు గట్టిగా తేల్చేసరికి ఇరవయ్యో శతాబ్దం వచ్చేసింది, అంటే ఆవిడ పోయి నూరేళ్ళు దాటాక.

2010లో సేత్ గ్రేహమ్ స్మిత్ రాసిన నవల సరిగ్గా ఈ ఖాళీలోనే దూరింది. లింకన్ రహస్య డైరీలు దొరికాయన్నట్టు, అచ్చం జీవిత చరిత్ర పద్ధతిలో ఆ నవల రాశాడు. తల్లి మరణానికి కారణం అప్పట్లో ఎవరికీ తెలియదు కదా, అక్కడ రక్తపిశాచిని పెట్టాడు. తండ్రి చేసిన అప్పుకు బదులుగా ఆ పిశాచి ఆమె ప్రాణం తీసిందని కథ. 2012లో తిమూర్ బెక్మంబెతోవ్ దర్శకత్వంలో దాన్నే సినిమాగా తీశారు, టిమ్ బర్టన్ నిర్మాతల్లో ఒకడు. మీ వాడు చూసింది అదే.

ఇక గొడ్డలి. ఎనిమిదో ఏటనే తన చేతికి గొడ్డలి ఇచ్చారని, ఇరవై మూడో ఏడు వచ్చేదాకా అది దాదాపు ఎప్పుడూ తన చేతిలోనే ఉండేదని 1860లో లింకన్ తన గురించి తనే రాసుకున్నాడు. అడవి కొట్టి పొలం చేయాలి, దుంగలు చీల్చి కంచె వేయాలి, అదీ పని. ఆరడుగుల నాలుగు అంగుళాల మనిషి, చేతుల్లో బలం ఉండేది, కుస్తీ కూడా బాగా పట్టేవాడు. 1860లో ఇల్లినాయ్ రాష్ట్ర రిపబ్లికన్ పార్టీ సభలోకి ఆయన బంధువు ఒకాయన రెండు పాత కంచె దుంగలు మోసుకొచ్చి, ఇవి లింకన్ చీల్చినవే అన్నాడు. ఆ రోజు నుంచి 'దుంగలు చీల్చినవాడు' అన్న పేరు ఎన్నికల ప్రచారంలో మారుమోగిపోయింది. అంటే గొడ్డలి పట్టిన లింకన్ బొమ్మను సినిమావాళ్ళు కొత్తగా తయారు చేయలేదు, నూట యాభై ఏళ్ళ కిందటి ఎన్నికల ప్రచారమే చేసిపెట్టింది. సినిమా దానికి వెండి పూత పూసింది, అంతే.

మరి రక్తపిశాచుల సంగతి. పిశాచులు అబద్ధం అన్నాను కానీ, అవి ఉన్నాయని జనం నమ్మడం మాత్రం అబద్ధం కాదు. లింకన్ కాలంలో అమెరికాలోనే ఆ నమ్మకం ఉండేది. ఈ కథ యూరప్‌లో మొదలైంది. 1725లో, మళ్ళీ 1731, 32 ప్రాంతంలో సెర్బియా పల్లెల్లో వరసగా మనుషులు చచ్చిపోతుంటే, ముందు చచ్చినవాడే లేచి వచ్చి చంపుతున్నాడని ఊరివాళ్ళు సమాధులు తవ్వారు. అప్పటి ఆస్ట్రియా ప్రభుత్వం తరఫున అధికారులు, సైనిక వైద్యులు వెళ్ళి చూసి రిపోర్టులు రాశారు. శవం కుళ్ళలేదు, నోటి దగ్గర రక్తం ఉంది, గోళ్ళు కొత్తగా వచ్చాయి అని. ఆ రిపోర్టులు పత్రికల్లోకి ఎక్కి 'వాంపైర్' అనే మాట ఇంగ్లిష్ దాకా పాకింది. శవం ఉబ్బినప్పుడు లోపలి ద్రవాలు నోట్లోంచి వస్తాయని, చర్మం వెనక్కి జరిగితే గోళ్ళు పెరిగినట్టు కనిపిస్తాయని, చలి నేలలో కుళ్ళడానికి ఆలస్యం అవుతుందని ఇప్పుడు మనకు తెలుసు. వాళ్ళకు తెలియదు.

అమెరికాలో ఇది క్షయ రోగంతో ముడిపడింది. రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ఎక్సెటర్ అనే ఊళ్ళో బ్రౌన్ అనే రైతు కుటుంబం ఉండేది. తల్లి క్షయతో పోయింది, పెద్ద కూతురు పోయింది, 1892 జనవరిలో 19 ఏళ్ళ మెర్సీ పోయింది, కొడుకు ఎడ్విన్ మంచం పట్టాడు. ఇంట్లో చచ్చినవాళ్ళలో ఎవరో ఒకరు బతికున్నవాళ్ళ ప్రాణం లాగేస్తున్నారని ఇరుగుపొరుగు తండ్రి వెంటపడ్డారు. మార్చి నెలలో శవాలను బయటికి తీశారు. మిగతావి ఎముకలైపోయాయి. రెండు నెలల కిందట పోయిన మెర్సీ మాత్రం అలాగే ఉంది, గుండెలో రక్తం కనిపించింది. గడ్డకట్టే చలికాలంలో ఉంచిన శవం అలా ఉండక ఇంకెలా ఉంటుంది! ఆ పిల్ల గుండె, కాలేయం తీసి, రాతి మీద కాల్చి, ఆ బూడిద నీళ్ళలో కలిపి అన్న ఎడ్విన్ చేత తాగించారు. రెండు నెలలకే ఆ కుర్రాడూ పోయాడు. క్షయకు కారణమైన క్రిమిని రాబర్ట్ కాక్ కనిపెట్టి అప్పటికే పదేళ్ళయింది. 1882లో బెర్లిన్‌లో తేలిన సంగతి ఆ పల్లె దాకా రాలేదు, వచ్చినా మందు లేదు. చేతులు కట్టుకుని కూర్చోలేని తండ్రి ఊరు చెప్పింది చేశాడు. ఈ కథ క్లాసులో చెప్పిన ప్రతిసారీ వెనక బెంచీలవాళ్ళు కూడా నిశ్శబ్దమైపోయేవారు. ఎందుకంటే మన పల్లెల్లో బాణామతి, చేతబడి అంటూ జబ్బు ఇంట్లో ఉంటే తప్పు పక్కింటివాళ్ళ మీద వేయడం, మనుషుల్ని చావబాదడం గురించి వాళ్ళు ఇళ్ళల్లో వినే ఉన్నారు. కారణం తెలియని చావు వచ్చినప్పుడు మనిషి ముందు వెతికేది దోషిని. పాల జబ్బుకు పిశాచిని అంటగట్టిన నవల చేసిందీ, ఎక్సెటర్ పల్లెవాళ్ళు చేసిందీ ఒక రకంగా ఒకటే. నవల వల్ల ఎవరికీ హాని జరగలేదు, అదే తేడా.

ఇక్కడ సినిమాలో లేని ఒక నిజం సంగతి చెప్పాలి. మెర్సీ బ్రౌన్ శవాన్ని బయటికి తీసిన తొమ్మిదేళ్ళకు, 1901 సెప్టెంబరులో, లింకన్ శవపేటిక కూడా తెరిచి చూశారు! 1876లో దొంగనోట్ల ముఠా ఒకటి లింకన్ శవాన్ని ఎత్తుకెళ్ళి, దాన్ని అడ్డం పెట్టుకుని జైల్లో ఉన్న తమ మనిషిని విడిపించుకోవాలని ఇల్లినాయ్‌లో ఆయన ఊరు స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉన్న సమాధిలోకి చొరబడింది. ప్రయత్నం ఫలించలేదు. ఆ భయంతో పేటికను ఏళ్ళ తరబడి అటూ ఇటూ మారుస్తూ దాచారు. చివరికి కొడుకు రాబర్ట్ కోరిక మీద పది అడుగుల లోతున, ఇనప చట్రంలో పెట్టి కాంక్రీటు పోయాలని నిర్ణయించారు. పూడ్చే ముందు, లోపల ఉన్నది లింకనేనా అన్న అనుమానం తీర్చుకోవడానికి పేటిక పైభాగం కోసి చూశారు. చనిపోయి 36 ఏళ్ళయినా ముఖం గుర్తుపట్టేలా ఉంది, గడ్డం, బుగ్గ మీద పుట్టుమచ్చ అన్నీ తెలిశాయి. శవానికి మందులు పూసి భద్రపరిచారు కాబట్టి అలా ఉంది. వాషింగ్టన్ నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్ దాకా రైల్లో ఊరూరా ఆపుతూ దాదాపు రెండు వారాల పాటు జనానికి చూపించాల్సి రావడంతో ఆ పని తప్పలేదు. సెర్బియా పల్లెలో అయితే ఇలాంటి శవం కనిపిస్తే గుండెలో మేకు దిగేది. ఇక్కడ చూసినవాళ్ళు మళ్ళీ మూసి పూడ్చిపెట్టారు. షికాగోలో ఉండే మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ సమాధి దగ్గరికి వెళ్ళాను. బయట ఉన్న కంచు తలకు ముక్కు మాత్రం బంగారంలా మెరుస్తుంటుంది, వచ్చినవాళ్ళంతా తాకి తాకి. నేనూ తాకాను. కాంక్రీటు కింద ఉన్న మనిషి తలుపు బయట నిలబడి పలకరిస్తున్నట్టు అనిపించింది.

నవల చివర్లో లింకన్ కూడా రక్తపిశాచిగా మారి ఇంకా బతికే ఉంటాడు, 1963లో వాషింగ్టన్‌లో జరిగిన నల్లవాళ్ళ హక్కుల మహాసభ దాకా. సినిమాలో మాత్రం ఆ అవకాశం వచ్చినా వద్దంటాడు. నాకు సినిమా ముగింపే నచ్చింది.

మన వైపు సంగతి కూడా ఒకటి అడిగారు, బేతాళుడు వాంపైరేనా అని. కాదు. రిచర్డ్ బర్టన్ అనే ఆంగ్లేయుడు 1870లో విక్రమార్కుడి కథలను ఇంగ్లిష్‌లోకి తెచ్చినప్పుడు అక్కడివాళ్ళకు అర్థం కావడానికి బేతాళుణ్ణి వాంపైర్ అన్నాడు, అప్పటి నుంచి ఆ గందరగోళం ఉంది. చందమామలో మనం చదివిన బేతాళుడు శవంలో ఉండి కథ చెప్పి, చిక్కు ప్రశ్న వేసి, రాజు నోరు విప్పగానే మళ్ళీ చెట్టెక్కేవాడు. రక్తంతో ఆయనకు పని లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ సినిమా మీద నా అభ్యంతరం పిశాచుల గురించి కాదు, ఆ పిశాచులు ఎవరన్నదాని గురించి. కథలో దక్షిణాది బానిస యజమానులే రక్తపిశాచులు, బానిసలు వాళ్ళకు ఆహారం, ఉత్తర, దక్షిణ రాష్ట్రాల అంతర్యుద్ధం పిశాచుల మీద యుద్ధం. పోలికగా చూస్తే ఇది బలమైనదే. మనం కూడా వడ్డీవ్యాపారిని రక్తం తాగే జలగ అంటాం కదా. 1864లో లింకన్ రెండోసారి గెలిచినప్పుడు అంతర్జాతీయ కార్మిక సంఘం తరఫున అభినందన లేఖ రాసింది కార్ల్ మార్క్స్. ఆయనే 1867లో పెట్టుబడి రక్తపిశాచిలా బతికున్న శ్రమను పీలుస్తుందని రాశాడు. లింకన్ స్వయంగా 1865 మార్చి 4న చేసిన ప్రసంగంలో, కొరడా చిందించిన ప్రతి రక్తపు చుక్కకు కత్తి చిందించే మరో చుక్క చెల్లు అయ్యేదాకా ఈ యుద్ధం సాగాలన్నది దేవుడి సంకల్పమైతే అది న్యాయమే అన్నాడు. రెండు వందల యాభై ఏళ్ళు కూలి ఇవ్వకుండా చేయించుకున్న చాకిరీ గురించి కూడా అదే ప్రసంగంలో ఉంది. కాబట్టి రక్తం పీల్చడం అన్న ఊహ ఆ కాలానికి పరాయిది కాదు.

కానీ పోలికను నిజం చేసి చూపించేసరికి ఏమైంది? బానిసత్వం చేసింది రాక్షసులు అయిపోయారు, మనుషులు తప్పించుకున్నారు. 1860 జనాభా లెక్కల్లో ఆ దేశంలో 39 లక్షల 50 వేల మందికి పైగా బానిసలు ఉన్నారు. వాళ్ళను కొన్నది, అమ్మింది, తల్లీబిడ్డల్ని విడదీసింది మనుషులే. ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళు, పిల్లల్ని ముద్దు చేసేవాళ్ళు, అతిథులు వస్తే కడుపునిండా పెట్టేవాళ్ళు. ఇది నేను ఊరికే అనడం లేదు. సినిమాలో లింకన్ స్నేహితుడిగా జాషువా స్పీడ్ అనే పాత్ర ఉంటుంది, గుర్తుందా? ఆయన నిజం మనిషి, లింకన్‌కు ప్రాణమిత్రుడు. 1837లో చేతిలో డబ్బు లేకుండా స్ప్రింగ్‌ఫీల్డ్ వచ్చిన లింకన్‌కు తన కొట్టు మీది గదిలో చోటిచ్చినవాడు. ఆ స్పీడ్ కుటుంబానికి కెంటకీలో పెద్ద తోట ఉండేది, అందులో పనిచేసేది బానిసలు. 1841లో లింకన్ మనసు బాగా లేనప్పుడు ఆ ఇంటికి వెళ్ళి వారాల తరబడి ఉన్నాడు, వాళ్ళు కన్నవాళ్ళలా చూసుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరూ స్టీమరు ఎక్కారు, అందులో పది పన్నెండు మంది బానిసలను గొలుసులతో కట్టి తీసుకెళ్తున్నారు. పద్నాలుగేళ్ళ తర్వాత, 1855లో, బానిసత్వం గురించి వాదన వచ్చినప్పుడు లింకన్ స్పీడ్‌కు రాసిన ఉత్తరంలో ఆ ప్రయాణం నీకు గుర్తుండే ఉంటుంది, ఆ దృశ్యం నన్ను ఎప్పుడూ వేధిస్తూనే ఉంది అని రాశాడు. ఉత్తరం చివర మాత్రం నీ స్నేహితుణ్ణి ఎప్పటికీ అనే సంతకం.

ఆ ఉత్తరం మీ అబ్బాయికి చదివి వినిపించండి. రెండు గంటల సినిమాలో లేని బరువు అందులో ఉంది. పిశాచి తల నరకడం తేలిక. నీకు అన్నం పెట్టిన ఇంటివాళ్ళు, నువ్వు ప్రేమించే మనిషి తప్పు చేస్తుంటే ఆ మాట ముఖం మీద చెప్పడం ఎంత కష్టం!

లింకన్‌ను చంపిన బూత్ విషయమూ అంతే. నవలలో వాడూ పిశాచే. నిజంలో జాన్ విల్క్స్ బూత్ పేరున్న రంగస్థల నటుడు. 1865 ఏప్రిల్ 11న లింకన్ శ్వేతసౌధం కిటికీ దగ్గర నిలబడి మాట్లాడుతూ, చదువుకున్న నల్లవాళ్ళకు, సైన్యంలో పనిచేసిన నల్లవాళ్ళకు ఓటు ఇస్తే బాగుంటుందన్నాడు. కింద జనంలో బూత్ ఉన్నాడు. మూడు రోజులకు థియేటర్‌లో వెనక నుంచి కాల్చాడు. నల్లవాడికి ఓటు అన్న మాట విని ఒక మనిషి చేసిన హత్య అది. దాన్ని పిశాచి పని చేస్తే ఆ కారణమే మాయమైపోతుంది.

అలాగని సీరియస్ సినిమాలన్నీ నిజమని నమ్మకండి. అదే 2012లో స్పీల్‌బర్గ్ లింకన్ మీద సినిమా తీశాడు, డేనియల్ డే లూయిస్‌కు ఆస్కార్ వచ్చింది. బానిసత్వాన్ని రద్దు చేసే 13వ రాజ్యాంగ సవరణ 1865 జనవరి 31న ప్రతినిధుల సభలో ఎలా నెగ్గిందన్నదే కథ. ఎంతో శ్రద్ధగా తీసిన సినిమా, నాకు చాలా ఇష్టం. అయినా ఓటింగ్ దృశ్యంలో కనెటికట్ ప్రతినిధులు ఇద్దరు వ్యతిరేకంగా ఓటు వేసినట్టు చూపించారు. నిజానికి ఆ రాష్ట్రానికి చెందిన నలుగురూ అనుకూలంగానే వేశారు. ఆ రాష్ట్రం నుంచి ఎన్నికైన ఇప్పటి ప్రతినిధి ఒకాయన 2013లో స్పీల్‌బర్గ్‌కు ఉత్తరం కూడా రాశాడు. పిశాచుల సినిమా చూసి లింకన్ పిశాచుల్ని చంపాడని ఎవరూ పరీక్షలో రాయరు. కనెటికట్ తప్పు మాత్రం ఎవరికీ తెలియకుండా మెదడులో ఉండిపోతుంది. నన్నడిగితే ఇంత జాగ్రత్తగా తీసిన సినిమా చూసేటప్పుడే ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి.

కాబట్టి ఇలాంటి సినిమాలు చూపించొచ్చా అంటే, తొమ్మిదో తరగతి పిల్లవాడికి ఆ హింస సరిపడుతుందా అన్నది మీరు ఆలోచించుకోండి, చరిత్ర గురించి మాత్రం భయపడకండి. ప్రశ్నలు అడిగాడంటే అది మంచికే. తర్వాత 1939లో జాన్ ఫోర్డ్ తీసిన పాత నలుపు తెలుపు సినిమా చూపించండి, హెన్రీ ఫోండా కుర్ర లాయరు లింకన్‌గా వేశాడు. అందులోని కోర్టు కేసుకు ఆధారం 1858 నాటి నిజం కేసు. వెన్నెల్లో హత్య చూశానని సాక్షి చెబితే, లింకన్ పంచాంగం తెప్పించి ఆ సమయానికి చంద్రుడు అస్తమించబోతున్నాడని చూపించి కేసు గెలిచాడు. సినిమా ఆ కేసును ఇరవై ఏళ్ళు వెనక్కి జరిపి కొత్త లాయరు కేసుగా మార్చింది, అదీ చెప్పండి.

చివరిగా ఒక మనిషి గురించి చెప్తాను. మీ వాడు చూసిన సినిమాలో లింకన్‌కు విల్ అనే నల్లజాతి బాల్య స్నేహితుడు ఉంటాడు, కలిసి పోరాడతాడు. విలియం జాన్సన్ అనే మనిషి నిజంగా ఉన్నాడు. బాల్య స్నేహితుడు కాదు, స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి 1861లో లింకన్‌తో పాటు వాషింగ్టన్ వచ్చిన పనివాడు. శ్వేతసౌధంలోని మిగతా పనివాళ్ళు అతని రంగు మరీ నలుపని కలిసి పనిచేయడానికి ఒప్పుకోలేదు. వాళ్ళూ నల్లవాళ్ళే, కాస్త నలుపు తక్కువ వాళ్ళు. లింకన్ అతనికి వేరే చోట ఉద్యోగం ఇవ్వమని మంత్రికి ఉత్తరం రాస్తూ, మేం విడిపోవడానికి కారణం రంగు తేడాయే అని దాచకుండా రాశాడు. చివరికి ఖజానా శాఖలో చిన్న ఉద్యోగం దొరికింది. పొద్దున్నే వచ్చి లింకన్‌కు గడ్డం గీసి వెళ్ళేవాడు. 1863 నవంబరులో గెటిస్‌బర్గ్ ప్రసంగానికి వెళ్ళినప్పుడు లింకన్ వెంట అతనూ ఉన్నాడు. తిరుగు ప్రయాణంలో లింకన్‌కు జ్వరం వచ్చింది, అది మశూచి. ఆయన కోలుకున్నాడు. తర్వాత జాన్సన్‌కు కూడా మశూచి వచ్చి 1864 జనవరిలో చనిపోయాడు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు సంతకం పెట్టలేని స్థితిలో ఉన్న అతని జీతం డబ్బును లింకన్ తన గదిలో కూర్చుని లెక్కపెట్టి కవర్లలో పెడుతుంటే ఒక విలేఖరి చూశాడు. అతను బ్యాంకులో తీసుకున్న అప్పుకు హామీ సంతకం లింకన్‌దే. మొత్తం మాఫీ చేస్తామని బ్యాంకు మనిషి అన్నా ఒప్పుకోలేదు, చివరికి సగం బాకీ తను తీర్చాడు, శవపేటిక ఖర్చు కూడా తనే పెట్టుకున్నాడు.